అదే ఫుట్‌పాత్, అవే కాళ్ళు: జనవరిలో తడబాటెందుకు?

మే నెలాఖరులో పొద్దున్నే ఐదున్నరకు పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ నుంచి వాకింగ్‌కు బయల్దేరే పెద్దాయనకు దారంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో పది నిమిషాల్లో సూర్యోదయం. చౌరస్తా దాటి, నాగార్జున సర్కిల్ మీదుగా జలగం వెంగళరావు పార్కుకు వెళ్ళి, నాలుగు చుట్లు తిరిగి ఇంటికొచ్చేస్తాడు. అదే మనిషి జనవరి రెండో వారంలో అదే ఐదున్నరకు బయల్దేరితే కాలనీ దాటకముందే ఒకటి రెండుసార్లు తూలుతాడు. గోడ పట్టుకుని తమాయించుకుంటాడు. ‘చలికి కాళ్ళు బిగుసుకుపోయాయిరా’ అంటాడు కొడుకుతో. ‘వయసైపోయింది నాన్నా, ఇక వాకింగ్ మానేయండి’ అంటాడు కొడుకు.

ఎనిమిది నెలల్లో అంత వయసు మీద పడదు. ఫుట్‌పాత్ అప్పుడెంత పగిలి ఉందో ఇప్పుడూ అంతే పగిలి ఉంది. హైదరాబాద్‌లో మంచు కురవదు, రోడ్డు గడ్డకట్టదు. పక్కనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రం లెక్కల్లో నగరపు అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలు. మామూలు జనవరి వేకువ 15 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ చలిని చూసి నవ్వుతారు కూడా. మరి తడబాటు ఎక్కడి నుంచి వచ్చింది?

కొడుకు చెప్పిన వయసూ, తండ్రి చెప్పిన బిగుసుకుపోవడమూ రెండూ అబద్ధాలు కావు. కానీ అసలు జవాబు కాళ్ళలో కన్నా కాళ్ళ గురించి మెదడుకు చేరే కబురులో ఉంది.

ముగ్గురు సాక్షులు, ఒక తీర్పరి

అడుగు వేయాలంటే ఒక కాలు పైకి లేవాలి. అది గాల్లో ఉన్నంతసేపూ ఒంటి బరువంతా రెండో పాదం మీదే. నడకలో దాదాపు 80 శాతం సమయం ఇలా ఒంటికాలి మీదే గడుస్తుంది. పైగా ఒంటి బరువు ఆ పాదం మీద కుదురుగా నిలవదు. ముందుకీ, లోపలి పక్కకీ ఒరుగుతూనే ఉంటుంది. నిజానికి ప్రతి అడుగులోనూ మనం పడబోతున్నాం. రెండో కాలు సమయానికి నేలను అందుకుని ఆపుతోంది. ఎక్కడ అందుకోవాలి, ఎప్పుడు అందుకోవాలి అన్నది మెదడు ముందే తేల్చుకోవాలి.

అందుకు దానికి ముగ్గురు సాక్షులున్నారు. మొదటిది కన్ను. గోడలు, స్తంభాలు నిటారుగా ఉన్నాయా, మనం వాటికి ఎటు కదులుతున్నాం అన్నది చెబుతుంది. రెండోది లోచెవి. తల ఎటు తిరిగింది, ఎటు వంగింది అన్నది దాని సాక్ష్యం. మూడోది పాదం. అరికాలి చర్మం కింద ఒత్తిడిని పసిగట్టే సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. బరువు మడమ మీద ఉందా, మునివేళ్ళ మీద ఉందా అని అవి చెబుతాయి. చీలమండ చుట్టూ ఉన్న కండరాలు, కీళ్ళు ఎంత సాగాయో, ఎంత వంగాయో చెప్పే నరాలు వాటికి తోడు. ఈ వాంగ్మూలాలన్నీ విని తీర్పు చెప్పేది ప్రధానంగా చిన్నమెదడు. ఆ తీర్పు సెకనులో చిన్న భాగంలో కండరాలకు అందిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

ముగ్గురి మాటకూ ఎప్పుడూ ఒకే విలువ ఉండదు. వెలుతురులో, గట్టి నేల మీద నిలబడ్డ ఆరోగ్యవంతుల్లో మెదడు సుమారు 70 శాతం పాదాల మీద, 20 శాతం లోచెవి మీద, 10 శాతం కంటి మీద ఆధారపడుతుందని పరిశోధకుల అంచనా. ఇసుకలోనో, పరుపు మీదో నిలబడితే పాదం మాటకు విలువ పడిపోతుంది. అప్పుడు చెవి మాట ఎక్కువగా చెల్లుతుంది. 

సాక్షులు ఒక్కోసారి తప్పు కూడా చెబుతారు. బేగంపేటలో ఆగి ఉన్న ఎంఎంటీఎస్‌లో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీది రైలు కదిలితే మనదే కదిలిందనిపిస్తుంది. అది కన్ను చెప్పిన తప్పు సాక్ష్యం. మిగతా ఇద్దరూ కాదనడంతో క్షణంలో తేరుకుంటాం. తీర్పరి కూడా పాత అలవాటు కొద్దీ తీర్పు చెప్పేయడం కద్దు. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎప్పుడైనా ఎస్కలేటర్ ఆగిపోయి ఉంటే దాని మీద అడుగుపెట్టి చూడండి. అది కదలడం లేదని కంటికి తెలుసు. అయినా ఒళ్ళు ముందుకు ఒక తూలు తూలుతుంది. రోజూ కదిలే మెట్టు ఇవాళా కదులుతుందని చిన్నమెదడు ముందుగానే కండరాలకు ఆజ్ఞ పంపేసింది మరి. లండన్‌లో నరాల శాస్త్రజ్ఞులు దీన్ని ప్రయోగశాలలో కదిలే బండి పెట్టి మరీ నిర్ధారించారు.

ముగ్గురిలో ఇద్దరు గట్టిగా ఉంటే చాలు, మనిషి నిలబడతాడు. ఒక్కరే మిగిలితే కష్టం. హైదరాబాద్ చలికాలపు వేకువ చేసే పని అదే. ఒకేసారి ఇద్దరు సాక్షుల గొంతు తగ్గిస్తుంది.

‘చెప్పు జారిపోతే తెలుస్తోందా?’

పాదం సాక్ష్యం పోయినా చాలామంది ఏళ్ళ తరబడి గుర్తించరు. కన్ను ఆ లోటును పూడ్చేస్తూ ఉంటుంది. అందుకే నరాల వైద్యులు రెండు చిత్రమైన ప్రశ్నలు వేస్తారు. మొదటిది: ‘నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోతోందా? జారినప్పుడు మీకు తెలుస్తోందా?’ జారుతోంది, తెలుస్తోంది అంటే పాదంలో బలం తగ్గిందని అనుమానం. జారిపోయి నాలుగడుగులు వేశాక ఎవరో చెబితే చూసుకున్నాను అంటే స్పర్శ తగ్గిందని అనుమానం. బూట్లు వేసుకునే దేశాల్లో పుట్టని ప్రశ్న ఇది. మన చెప్పుల దేశపు వైద్యానికి దొరికిన వరం.

రెండో ప్రశ్న: ‘వాష్‌బేసిన్ దగ్గర ముఖానికి సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకుంటే తూలుతున్నారా?’ దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు నడుమ బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్, సిఫిలిస్ ముదిరి వెన్నుపాము దెబ్బతిన్న రోగులను గమనించాడు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు నిలబడగలిగేవారు మూసుకోగానే ఊగిపోయి పడబోయేవారు. కాళ్ళలో బలం ఉంది, కబురు లేదు. కన్ను మూసుకుంటే ఉన్న ఒక్క దారీ పోయింది. పాదాలు దగ్గరగా పెట్టించి కళ్ళు మూయించే ఆ పరీక్షకు ఈనాటికీ రోంబెర్గ్ పేరే ఉంది. ఖర్చు పైసా లేదు.

ఇప్పుడు మన ఊళ్ళో ఈ పరీక్షలో తూలేవారిలో సిఫిలిస్ అరుదు. మధుమేహమే ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. చక్కెర ఏళ్ళ తరబడి అదుపు తప్పితే ముందు దెబ్బతినేది శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు, అంటే పాదాలకు వెళ్ళేవి. మొదట వేళ్ళకు తిమ్మిరి, తర్వాత మంట, ఆ తర్వాత మొద్దుబారడం. ‘పరుపు మీద నడుస్తున్నట్టుంది డాక్టర్’ అంటారు రోగులు. రెండో కారణం విటమిన్ బి12 లోపం. పూర్తి శాకాహారుల్లో, చాలాకాలం మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారిలో ఇది ఎక్కువ. వెన్నుపాములో పాదాల కబురు పైకి మోసే దారిని ఇది దెబ్బతీస్తుంది. త్వరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకోవచ్చు. ఆలస్యమైతే కొంత నష్టం మిగిలిపోతుంది.

ఇలాంటి మనిషి మే నెల వెలుతురులో బాగానే నడుస్తాడు. జబ్బు ఉంది, కన్ను కప్పిపెడుతోంది. జనవరి చీకటి ఆ ముసుగు తీసేస్తుంది. తడబాటు చలికాలంలో ‘వచ్చింది’ అనుకుంటాం కానీ, చాలాసార్లు అది చలికాలంలో ‘బయటపడింది’ అంతే.

జనవరి వేకువ ఏం చేస్తుంది

ముందు కన్ను. జనవరి నడుమ హైదరాబాద్‌లో సూర్యుడు 6.45 దాటాక గానీ రాడు. ఐదున్నరకు బయట ఉన్నది వీధిదీపం వెలుగు మాత్రమే, అదీ చెట్టు కొమ్మ అడ్డం లేని చోట. ఇరవయ్యేళ్ళ కంటితో పోలిస్తే అరవయ్యేళ్ళ కంటిలో వెనుక ఉన్న రెటీనాకు చేరే వెలుతురు సుమారు మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు కావాలి. ఈలోగా ఎదురుగా వచ్చే బైక్ హెడ్‌లైట్ ఒక్కటి చాలు, ఆ అలవాటంతా చెడిపోవడానికి.

దీనికి మనం మన వంతు చేర్చుకుంటాం. మంకీ క్యాప్ చెంపలదాకా లాగుతాం. పక్క చూపు తగ్గుతుంది, వెనుక వచ్చే బండి చప్పుడూ తగ్గుతుంది. మఫ్లర్ ముక్కు మీదికి చుడితే ఊపిరి ఆవిరికి కళ్ళద్దాలు మసకబారతాయి. ఎత్తుపల్లాల దారిలో కన్ను నిజానికి రెండడుగుల ముందున్న నేలను చూస్తూ ఉంటుంది. మనం కప్పేసేది సరిగ్గా ఆ కింది చూపునే. బైఫోకల్ అద్దాలదీ అదే సమస్య. కింది సగం చదవడానికి, అంటే మూరెడు దూరానికి తయారైంది. అందులోంచి చూస్తే ఫుట్‌పాత్ అంచు మసకగా ఉంటుంది. ఇలాంటి అద్దాలు వాడే వృద్ధులు ఎక్కువగా పడుతున్నారని ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించారు.

ఇక పాదం. చర్మం చల్లబడితే ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాల చురుకుదనం తగ్గుతుంది. నరంలో సంకేతం పరిగెత్తే వేగం కూడా ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు రెండు మీటర్ల చొప్పున పడిపోతుంది. నరాల పరీక్షలు చేసే గదుల్లో చల్లగా ఉన్న కాళ్ళను ముందు వెచ్చబరిచేది ఇందుకే. లేకపోతే బాగున్న నరమూ జబ్బు నరంలా కనిపిస్తుంది. నా లెక్కలో ఈ రెండింటిలో వేగం కన్నా స్పష్టత తగ్గడమే పెద్ద నష్టం. కబురు కాస్త ఆలస్యమైతే సర్దుకోవచ్చు, మాట ముద్దగా వినిపిస్తే తీర్పరి ఏం చేస్తాడు? ఆరోగ్యంగా ఉన్న యువకుల అరికాళ్ళను చల్లటి నీటిలో ఉంచి తర్వాత నిలబెట్టి చూసిన ప్రయోగాల్లో కూడా ఒంటి ఊగిసలాట పెరిగింది.

తీర్పు వచ్చాక దాన్ని అమలు చేయవలసింది కండరం. చలి దాన్నీ మందగింపజేస్తుంది. జర్మనీలో 2014లో వెలువడిన ఒక అధ్యయనం మనకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే అందులో మంచు లేదు. ఎనభై మందికి పైగా వృద్ధ మహిళలను ఒకసారి 25 డిగ్రీల గదిలో, ఒకసారి 15 డిగ్రీల గదిలో ఉంచి పరీక్షించారు. 15 డిగ్రీల గదిలో వారి నడక వేగం తగ్గింది, కుర్చీలోంచి లేవడం నెమ్మదించింది, తొడ కండరాల బలం తగ్గింది. చేతి పట్టు మాత్రం తగ్గలేదు. ఆ 15 డిగ్రీలే మన జనవరి వేకువ. హీటర్లు లేని మన ఇళ్ళలో, గ్రానైట్ పరిచిన గచ్చు మీద, రాత్రంతా కాళ్ళు చల్లబడిన మనిషి లేచీ లేవగానే రోడ్డెక్కుతున్నాడు.

తూలినప్పుడు తమాయించుకోవడానికి కావలసింది మామూలు బలం కాదు, చటుక్కున కాలు ముందుకు వేయగల వేగం. అది పోయాక ‘కాళ్ళు బిగుసుకుపోయాయి’ అన్న ఆయన మాట అక్షరాలా నిజమే.

మిగిలింది లోచెవి. చలి దాన్ని అంతగా తాకదు, అది పుర్రె ఎముకలో లోతుగా, వెచ్చగా ఉంటుంది. ‘చెవుల్లో గాలి దూరి కళ్ళు తిరుగుతాయి’ అన్న భయం కర్ణభేరి బాగున్నవారి విషయంలో అనవసరం. కర్ణభేరికి చిల్లు ఉన్నవారికి మాత్రం చల్లగాలి, చన్నీళ్ళు నిజంగానే కళ్ళు తిప్పుతాయి. చిక్కల్లా ఏమిటంటే, వయసుతో పాటు లోచెవిలోని గ్రాహక కణాలు తగ్గుతూ వస్తాయి. చీకట్లో కన్ను, చలికి పాదం వెనక్కి తగ్గాక, భారమంతా ఆ ముసలి సాక్షి మీద పడుతుంది.

—————
బాక్స్: చెవిలో చన్నీళ్ళు, ఒక నోబెల్ బహుమతి

వియన్నాలో చెవుల వైద్యుడు రాబర్ట్ బరానీ. రోగుల చెవులను నీటితో కడుగుతున్నప్పుడు కొందరు కళ్ళు తిరుగుతున్నాయని ఫిర్యాదు చేసేవారు. కనుగుడ్లు ఒక పక్కకు కొట్టుకునేవి. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒకరు గొణిగితే వేడినీళ్ళు పోయించాడు. కళ్ళు అప్పుడూ తిరిగాయి, కాకపోతే కనుగుడ్లు ఈసారి ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి.

లోచెవిలో మూడు అర్ధవలయ నాళాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిప్పితే ద్రవం వెనకబడి, అక్కడి సన్నని కేశాలను వంచుతుంది. ‘తల తిరిగింది’ అన్న కబురు అలా పుడుతుంది. చల్లదనం తగిలిన వైపు ద్రవం బరువెక్కి కిందికి దిగుతుంది, వేడి తగిలితే పైకి లేస్తుంది. తల కదలకుండానే కేశాలు వంగుతాయి. మెదడు మోసపోతుంది. ఈ కృషికి 1914 నోబెల్ బహుమతి బరానీకి దక్కింది. ఆ కబురు అందేనాటికి ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్లకు చిక్కి ఖైదీగా ఉన్నాడు.

నాళాల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో సున్నపురాయి పదార్థమే అయిన కాల్షియం కార్బొనేట్ రేణువులుంటాయి. అవి ఊడి నాళంలో పడితే పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా గది గిర్రున తిరుగుతుంది, నిమిషంలోపే ఆగుతుంది. దీనికి మాత్రలతో పని తక్కువ. తలను ఒక వరసలో తిప్పి రేణువులను వెనక్కి చేర్చే పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించాడు. తెలిసిన వైద్యుడి చేతిలో పది నిమిషాల పని.
—————

ధనుర్మాసం మెట్లు

పార్కుకు వెళ్ళని వారికీ ఈ కాలంలో ఒక వేకువ ప్రయాణం ఉంది. డిసెంబర్ నడిమి నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. తెల్లవారకముందే తలస్నానం, గుడికి ప్రయాణం, తిరుప్పావై, చివర్లో వేడి పొంగలి. ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గేసే అమ్మలు ఆ పని అంతకన్నా ముందే ముగించాలి.

శాస్త్రం కళ్ళతో చూస్తే ఇది పడిపోవడానికి అన్నీ అమర్చిపెట్టినట్టుంటుంది. చీకటి. చన్నీళ్ళతో తడిసిన పాదాలు. చెప్పులు గుడి బయట. నున్నటి పాలరాతి మెట్లు, వాటి మీద కడిగిన నీళ్ళు. ఉపవాసం వల్ల కాస్త నీరసం. చీర కుచ్చిళ్ళు కాలి కింది చూపుకు అడ్డం. చేతిలో పూజ పళ్ళెం ఉంటే రెయిలింగ్ పట్టుకునే చెయ్యి కూడా లేదు.

గుడికి వెళ్ళొద్దని ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పినా వినరు. పళ్ళెం మనవడి చేతికిచ్చి రెయిలింగ్ పట్టుకోవచ్చు. మెట్ల దగ్గర కాళ్ళు తుడుచుకోవడానికి గోనెపట్టా వేయమని కమిటీవారిని అడగవచ్చు. మెట్టు అంచుకు పసుపు రంగు గీత కొడితే మసక చూపుకు మెట్టు ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. రంగు డబ్బా ఖర్చు కమిటీకి లెక్కలోది కాదు.

పడటం చిన్న విషయం అనుకునేవారికి ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6.84 లక్షల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత రెండో స్థానం దీనిదే. తుంటి విరిగిన వృద్ధులు పంజాగుట్ట నిమ్స్ లాంటి ఆస్పత్రుల ఎముకల వార్డులోనే చేరతారు. వారిలో ఎందరికో అసలు వైద్యం కొన్నేళ్ళ ముందే నరాల విభాగంలోనో, కంటి విభాగంలోనో మొదలుకావలసింది. ఇక్కడికి దగ్గర్లోనే బంజారాహిల్స్‌లో ఉన్న ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు హైదరాబాద్ ప్రాంతపు వృద్ధాశ్రమాలు తిరిగి కళ్ళు పరీక్షించారు. చూపు తగ్గినవారిలో చాలామందికి కారణం శుక్లాలూ, సరైన అద్దాలు లేకపోవడమూ. రెండూ సరిచేయగలిగినవే.

—————
బాక్స్: ఇంట్లో చూసుకోండి, ఒంటరిగా వద్దు

వంటగట్టు పక్కన, గట్టు చేతికి అందేలా నిలబడండి. పక్కన ఒకరు ఉండాలి. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు తెరిచి అర నిమిషం నిలబడండి. తర్వాత కళ్ళు మూసుకుని అర నిమిషం. కాస్త ఊగడం మామూలే. తెరిచినప్పుడు బాగుండి, మూయగానే అడుగు తీసి వేయవలసి వస్తే పాదాల కబురు తగ్గిందని అనుమానించాలి. తెరిచి ఉన్నప్పుడే నిలబడలేకపోతే చిన్నమెదడునూ పరీక్షించాలి.

తర్వాత కళ్ళు తెరిచే ఒంటికాలి మీద పది సెకన్లు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ళ వయసున్న 1,702 మందిపై చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఇది చేయలేనివారికి తర్వాతి ఏళ్ళలో మరణం ముప్పు ఎక్కువని తేలింది. ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని దీనికి అర్థం కాదు. నిలబడలేకపోవడం వెనుక ఏదో ఉండవచ్చు, చూపించుకోవాలని అర్థం.
—————

అమీర్‌పేట నుంచి అమెరికా మంచుకు

అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుని అమెరికా చేరిన పిల్లల దగ్గరికి, పురుడుకో పండక్కో తల్లిదండ్రులు వెళుతుంటారు. కాన్పు డిసెంబర్‌లో వస్తే ప్రయాణం డిసెంబర్‌లోనే. న్యూజెర్సీలోనో, షికాగోలోనో ఇంటి ముందు మెట్టు దిగిన మొదటి రోజే అసలు చలికాలం ఏమిటో పాదానికి తెలుస్తుంది.

అక్కడ సమస్య వేరు. సాక్షులు ముగ్గురూ సరిగ్గా చెప్పినా నేలే పట్టు ఇవ్వదు. మామూలుగా నడిచేటప్పుడు మడమ ఏటవాలుగా దిగి నేలను ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు ఒంటి బరువులో ఐదో వంతు దాకా ఉంటుంది. నేల దాన్ని ఆపాలి. ఎండిన సిమెంటు సులువుగా ఆపుతుంది. తడిసిన మంచుగడ్డ అందులో సగం కూడా ఆపలేదు. మంచు ఉపరితలం మీద నీటిలా కదిలే పలుచటి పొర ఉంటుందని 1850లోనే మైకేల్ ఫారడే సూచించాడు. సున్నా డిగ్రీల దగ్గర ఆ పొర మందంగా ఉంటుంది. అందుకే గడ్డకట్టే చలి రోజు కన్నా కాస్త ఎండ కాసి కరగడం మొదలైన రోజే ఎక్కువ ప్రమాదం.

అడుగు చిన్నదైతే మడమ అంత ఏటవాలుగా దిగదు, ముందుకు నెట్టుడు తగ్గుతుంది. అక్కడివారు పెంగ్విన్ నడక అని నేర్పేది ఇదే: పాదాలు కాస్త ఎడంగా, పాదం మొత్తం ఒకేసారి ఆనించి, బరువు ముందు కాలి మీదికి తెచ్చి, చిన్న చిన్న అడుగులు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకోకూడదు. తూలినప్పుడు ముందుగా కదిలి ఒంటిని సర్దేది చేతులే. బూటు అడుగుకు తొడిగే లోహపు ముళ్ళ పట్టీలు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. పిల్లలను అడగడానికి మొహమాటపడవద్దు. వాటిని ఇంటి లోపలి టైల్స్ మీద మాత్రం తీసేయాలి, అక్కడ అవే జారతాయి.

సాక్షులకు బలం, కొత్త సాక్షి సాయం

పంజాగుట్టకే తిరిగొద్దాం. అన్నిటికన్నా చవకైన మందు గంటన్నర ఆలస్యం. జనవరిలో ఏడు దాటాక బయల్దేరితే కన్ను తిరిగి పనిలోకి వస్తుంది. ‘ట్రాఫిక్ మొదలవుతుంది, పొగ మింగలేం’ అంటారు. కానీ చలికాలపు వేకువ గాలి శుభ్రమైనదేమీ కాదు, చల్లగాలి నేలకు దగ్గరగా నిలిచి రాత్రి పొగను పట్టి ఉంచుతుంది. చీకట్లో వెళ్ళక తప్పకపోతే టార్చి తీసుకోండి. దాన్ని నడుము ఎత్తున, ముందుకు ఏటవాలుగా పట్టుకోండి. వెలుగు పక్కగా పడితే గుంటకు, రాయికి నీడ పడుతుంది. నీడ వల్లే లోతు తెలుస్తుంది. తలకు కట్టుకునే లైటు కంటి ఎత్తు నుంచే పడుతుంది కనుక ఆ నీడలు కనిపించవు.

బయల్దేరే ముందు ఇంట్లోనే కాళ్ళను వెచ్చబరచాలి. మేజోళ్ళు వేసుకుని, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుని, చీలమండలు తిప్పి వెళితే కండరం సిద్ధంగా ఉంటుంది. బూటు అడుగు మరీ మందంగా, మెత్తగా ఉంటే హాయిగా ఉంటుంది కానీ నేల కబురు పాదానికి అందదు. పలుచగా, గట్టిగా, పట్టు ఉన్న అడుగు మేలు. రాత్రిపూట కూడా జాగ్రత్త కావాలి. చలికి మూత్రం ఎక్కువగా వస్తుంది, బీపీ మాత్రలో ప్రోస్టేట్ మాత్రలో వేసుకునేవారికి మంచం మీంచి లేవగానే రక్తపోటు పడిపోవచ్చు. నిమిషం పాటు మంచం అంచున కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు బాత్‌రూమ్‌కు వెళ్ళాలి.

వ్యాయామం సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. వృద్ధులు పడటాన్ని తగ్గించే ఉపాయాల్లో దీనికున్నంత సాక్ష్యం మరోదానికి లేదు. అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2019 సమీక్షలో వ్యాయామం పడటాలను సుమారు 23 శాతం తగ్గించింది. అయితే ఉత్త నడక చాలదు. నిలకడకు పరీక్ష పెట్టే కదలికలు కావాలి: ఒంటికాలి మీద నిలబడటం, మడమకు మునివేళ్ళు తగిలేలా గీత మీద నడవటం, మునివేళ్ళ మీద లేవటం. ముప్పై ఏళ్ళుగా పార్కు చుట్టూ తిరిగే మనిషి కూడా వీటిలో తడబడటం చూస్తుంటాం.

ఇంకొకటి. కళ్ళు తిరుగుతున్నాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రను నెలల తరబడి మింగేవారు మన చుట్టూ చాలామంది. ఆ మాత్రలు లోచెవి సాక్ష్యాన్ని అణచిపెడతాయి. మొదటి కొద్ది రోజుల బాధకు అది మంచిదే. ఆ తర్వాత మెదడు కొత్త పరిస్థితికి అలవాటు పడనివ్వవు. పైగా ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్ వంటివి వృద్ధుల్లో చాలాకాలం వాడితే చేతివణుకు, కాళ్ళు ఈడ్చే నడక తెచ్చిపెడతాయి. తూలుడు తగ్గడానికి వేసుకున్నదే తూలుడు పెంచుతుంది.

ఉన్నట్టుండి తూలుడు మొదలై, దానితో పాటు మాట ముద్దవడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోవడం ఉంటే ఇవేవీ ఆలోచించొద్దు. అది పక్షవాతం కావచ్చు. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

చివరగా చేతికర్ర. బరువు మోయడానికే కర్ర అనుకుంటాం. 1990లలో అమెరికా పరిశోధకులు ఒక తమాషా విషయం గమనించారు. కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషి చూపుడు వేలిని పక్కనున్న గట్టు మీద ఊరికే ఆనించినా, వంద గ్రాముల బరువు కూడా మోపకపోయినా, ఊగిసలాట బాగా తగ్గిపోయింది. ఆ స్పర్శ ఆధారమై నిలబెట్టలేదు, కబురు అందించి నిలబెట్టింది. కర్ర కొన నేలను తాకినప్పుడు అరచేతికి చేరేది అదే. అరికాలు మొద్దుబారిన మనిషికి అది నాలుగో సాక్షి. పైగా ఆ జర్మనీ అధ్యయనంలో చలికి తగ్గనిది చేతి పట్టొక్కటే. ‘కర్ర పట్టుకుంటే ముసలివాణ్ణయ్యాననుకుంటారు’ అని దాన్ని తలుపు వెనక పెట్టేసేవారు ఈ నాలుగో సాక్షిని వదులుకుంటున్నారు.

కర్ర కొనేటప్పుడు మామూలుగా వేసుకునే బూట్లతో నిలబడి, చేతులు కిందికి వేలాడేసి, మణికట్టు ముడత ఎత్తుకు పిడి వచ్చేలా చూసుకోవాలి. పొడవైన కర్ర భుజాన్ని పైకెత్తుతుంది, పొట్టిది ముందుకు వంచుతుంది. ఒక కాలు నొప్పిగానో బలహీనంగానో ఉంటే కర్ర రెండో వైపు చేతిలో ఉండాలి, ఆ బలహీనమైన కాలితో పాటే ముందుకు కదలాలి. కర్ర కొనకు ఉన్న రబ్బరు బుష్ గరుకు అరిగి నున్నబడితే తడి గ్రానైట్ మీద అదే జారుతుంది. సర్జికల్ షాపుల్లో అది విడిగా, తక్కువ ధరకే దొరుకుతుంది.